డిగ్రీలో కెమిస్ట్రీ చదివి పీహెచ్‌డీకి వెళ్లాలంటే: తిరుపతి, చిత్తూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు జిల్లాల డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ మేజర్ చదివేవాళ్లు, వాళ్ల తల్లిదండ్రులు, పాఠాలు చెప్పే అధ్యాపకులు పదేపదే అడిగే ప్రశ్నలివి. దరఖాస్తు తేదీలూ ఫీజులూ ఏటా మారతాయి కాబట్టి అవి ఇక్కడ లేవు. ఆయా సంస్థల నోటిఫికేషన్లలో చూసుకోవాలి.

మాది మామూలు డిగ్రీ కాలేజీ. ఇక్కడ చదివి ఐఐటీలోనో ఐఐఎస్‌సీలోనో పీహెచ్‌డీ సీటు తెచ్చుకోవడం కుదురుతుందా?

కుదురుతుంది. సెలక్షన్ కమిటీ కాలేజీ పేరు చూసి సీటివ్వదు. రాత పరీక్షలో స్కోరు చూస్తుంది, ఆ తర్వాత బోర్డు దగ్గర నిలబెట్టి అడుగుతుంది. అక్కడ తేలిపోయేది ఒక్కటే: ఈ పిల్లాడు సొంతంగా ఏదైనా చేశాడా, చేసినదాన్ని అర్థం చేసుకున్నాడా అని.

అమెరికాలో రీడ్, కార్ల్‌టన్, హార్వీ మడ్ లాంటి కాలేజీలున్నాయి. వాటిలో పీహెచ్‌డీ కోర్సులే లేవు. అయినా అక్కడ డిగ్రీ చదివినవాళ్లలో డాక్టరేట్‌కు వెళ్లేవాళ్ల నిష్పత్తి చాలా ఎక్కువ. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పరిశోధక విద్యార్థులు లేరు కాబట్టి ల్యాబ్‌లో ప్రొఫెసర్ పక్కన నిలబడేది డిగ్రీ పిల్లలే. రీడ్‌లోనైతే చివరి ఏడాది ప్రతి విద్యార్థీ ఒక థీసిస్ రాసి తీరాలి. వాళ్ల భవనాలు, పరికరాలు మనకు లేకపోవచ్చు. ఒక్కో విద్యార్థి చేత ఒక్కో పనిని మొదలుపెట్టించి, పూర్తి చేయించి, రాయించడానికి మాత్రం అంత డబ్బు అక్కర్లేదు.

మార్కులు ఎంత ఉండాలి?

పీజీ తర్వాత పీహెచ్‌డీకైతే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం 55 శాతం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది. పెద్ద సంస్థలు 60 అడుగుతాయి. 85 వచ్చినా టైట్రేషన్ లెక్క చేయలేనివాళ్లూ ఉంటారు, 65తో ఐఐఎస్ఈఆర్‌కు (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థకు) వెళ్లేవాళ్లూ ఉంటారు. బ్యాక్‌లాగ్ మాత్రం ఉంచుకోవద్దు. మార్కుల మెమో సమయానికి చేతికి రాకపోతే వచ్చిన సీటు కూడా పోతుంది.

ప్రాక్టికల్స్ చేస్తూనే ఉన్నాం కదా, రికార్డు కూడా పూర్తయింది. ఇంకేం నేర్చుకోవాలి?

ఎక్కువ మంది వెనకబడేది ఇక్కడే. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది.

మన పాఠ్యప్రణాళికలో ఒక్కో పేపరుకు వారానికి 2 గంటల ప్రాక్టికల్. సెమిస్టర్‌కు 15 వారాలు వేసుకుంటే 30 గంటలు. అన్ని సెమిస్టర్లూ కలిపితే కాగితం మీద తక్కువేమీ కాదు. అమెరికన్ కెమికల్ సొసైటీ 2015 మార్గదర్శకాలు ప్రవేశ స్థాయి కోర్సు కాక 400 గంటల ల్యాబ్ అడిగాయి, అందులో 180 గంటల దాకా రీసెర్చ్‌ను లెక్కేసుకోవచ్చు అన్నాయి. మనకు తేడా వచ్చేది గంటల్లో కాదు, ఆ గంటల్లో ఎవరి చేయి పనిచేసింది అనే దాంట్లో. నలుగురి బ్యాచ్‌కు ఒక బ్యూరెట్ ఇస్తే ఒకరు తిప్పుతారు, ఒకరు రీడింగ్ చెబుతారు, మిగతా ఇద్దరు రాసుకుంటారు. ఆ ఇద్దరూ మూడేళ్ల తర్వాత కూడా రాసుకునేవాళ్లుగానే మిగిలిపోతారు.

రెండోది రికార్డు. అబ్జర్వేషన్ బుక్కులో గజిబిజిగా ఉన్నది రికార్డులోకి వచ్చేసరికి ముత్యాల్లాంటి అక్షరాలతో 9.8, 9.8, 9.8 అయిపోతుంది. మూడు రీడింగులూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయంటే అనుభవమున్నవాళ్లకు వెంటనే అనుమానం వస్తుంది. బ్యూరెట్‌లో ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య 0.1 మి.లీ. ఉంటుంది, కంటితో 0.05 దాకా అంచనా వేయొచ్చు. మొదటి రీడింగులో 0.05, చివరి రీడింగులో 0.05 తేడా రావచ్చు కాబట్టి రెండూ కలిపి సుమారు 0.07 మి.లీ. అనిశ్చితి. మీ టైటర్ (బ్యూరెట్ నుంచి ఖర్చయిన ద్రావణం) 20 మి.లీ. అయితే అది 0.35 శాతం, 5 మి.లీ. అయితే 1.4 శాతం. ద్రావణం గాఢత ఎంచుకునేటప్పుడు టైటర్ 15 నుంచి 25 మి.లీ. మధ్య వచ్చేలా చూసుకోమనేది ఇందుకే. ఈ రెండు వాక్యాలు ఇంటర్వ్యూలో సొంతంగా చెప్పగలిగితే, ఎదుటివాళ్లు కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు.

కాబట్టి చేయాల్సింది: బైండు చేసిన నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి, పేజీలకు ముందే నంబర్లు వేయండి. పెన్నుతోనే రాయండి, వైట్‌నర్ వాడకండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి, కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా ఉండాలి. త్రాసు ఏ అంకె చూపిస్తే అదే రాయండి, 0.9312 అని చూపిస్తే 0.93 అని కుదించొద్దు. సీసా మీది కంపెనీ పేరు, శుద్ధత శాతం, బ్యాచ్ నంబరు రాసుకోండి. ప్రయోగం చెడితే ఆ పేజీ చింపొద్దు. ఆరు నెలల తర్వాత అసలు ఉపయోగపడేది ఆ పేజీయే.

ఆర్గానిక్‌లో అయితే స్ఫటికీకరణ, ద్రవీభవన స్థానం, టీఎల్‌సీ (పలుచని పొర మీద పదార్థాలను విడదీసి చూసే పద్ధతి) ఈ మూడూ ఎవరి సాయం లేకుండా రావాలి. ద్రవీభవనం 1, 2 డిగ్రీల పరిధిలో పూర్తయితే పదార్థం శుద్ధంగా ఉన్నట్టు. 6, 7 డిగ్రీల పరిధిలో నెమ్మదిగా కరిగితే మాలిన్యం ఉందనో, సరిగా ఆరలేదనో అనుకోవాలి. టీఎల్‌సీలో చుక్క పెద్దగా పెడితే తోకలా సాగుతుంది, ద్రావణి మట్టం చుక్క పెట్టిన గీత కన్నా పైన ఉంటే పదార్థం కిందే కరిగిపోతుంది. రెండూ మొదటి రోజు అందరూ చేసే పొరపాట్లే.

మా కాలేజీలో ఎన్‌ఎంఆర్ లేదు, ఐఆర్ లేదు (అణువుల నిర్మాణం తెలిపే మిషన్లు). ప్రాజెక్టు ఏం చేయగలం?

మిషన్ లేదని ప్రాజెక్టు మానేయడం, లేదా పక్క ఊరి ల్యాబ్ నుంచి ఎవరిదో స్పెక్ట్రమ్ తెచ్చి అంటించడం, రెండూ దండగే. ఉన్న గాజు సామానుతో నిజమైన ప్రశ్న వేసుకోవచ్చు. ఉదాహరణకు నీటి కాఠిన్యం. మన బోరు నీళ్లకు గిన్నెల్లో, గీజర్లలో తెల్లటి పొర కట్టడం ఇంటింటా ఉన్న సంగతే. భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటిలో మొత్తం కాఠిన్యం, కాల్షియం కార్బొనేట్‌గా లెక్కిస్తే, లీటరుకు 200 మి.గ్రా. దాకా ఆమోదయోగ్యం. వేరే నీటి వసతి లేకపోతే 600 దాకా అనుమతిస్తారు.

కాఠిన్యాన్ని ఈడీటీఏ అనే రసాయనంతో టైట్రేషన్ చేసి కొలుస్తారు. డైసోడియం ఈడీటీఏ డైహైడ్రేట్ 0.9306 గ్రా. తూచి 250 మి.లీ. చేస్తే 0.01 మోలార్ ద్రావణం వస్తుంది. 100 గ్రా. సీసాతో ఇలాంటి ద్రావణాలు వందకు పైగా చేయొచ్చు, అంటే ఖర్చు ఒక సాకు కాదు. దీన్ని నమ్మి వదిలేయకుండా, ఆరబెట్టి తూచిన కాల్షియం కార్బొనేట్‌ను కొద్ది హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి దానితో ప్రమాణీకరించండి. పీహెచ్‌ను 10 దగ్గర నిలిపే బఫర్‌కు 17.5 గ్రా. అమ్మోనియం క్లోరైడ్, 142 మి.లీ. గాఢ అమ్మోనియా కలిపి నీటితో 250 మి.లీ. చేయాలి, ఫ్యూమ్ హుడ్‌లోనే. సూచిక ఎరియోక్రోమ్ బ్లాక్ టీని ద్రావణంగా పెట్టుకుంటే కొద్ది రోజులకే పాడవుతుంది. 0.1 గ్రా. సూచికను 10 గ్రా. ఉప్పుతో, అంటే శుద్ధ సోడియం క్లోరైడ్‌తో, కల్వంలో నూరి పొడిగా ఉంచుకుంటే నెలల తరబడి ఆగుతుంది.

50 మి.లీ. నీళ్లు తీసుకుని, 1, 2 మి.లీ. బఫర్ వేసి, చిటికెడు సూచిక వేస్తే ద్రాక్షరసం ఎరుపు. ఈడీటీఏ పడేకొద్దీ ఊదా రంగు మీదుగా నీలంలోకి వెళ్తుంది. ఎరుపు ఛాయ పూర్తిగా పోయిన క్షణమే ముగింపు. 0.01 మోలార్ ఈడీటీఏ 1 మి.లీ. అంటే 1 మి.గ్రా. కాల్షియం కార్బొనేట్‌తో సమానం. టైటర్ 12.0 వస్తే 50 మి.లీ.లో 12 మి.గ్రా., లీటరుకు 240.

ఇక చెడే చోట్లు. బఫర్ సీసా మూత సరిగా పెట్టకపోతే అమ్మోనియా ఎగిరిపోయి పీహెచ్ 10 కిందికి జారుతుంది, రంగు మార్పు మసకబారుతుంది. బఫర్ వేశాక నీళ్లను పక్కన పెట్టి కబుర్లలో పడితే కాల్షియం కార్బొనేట్ అవక్షేపం మొదలవుతుంది, టైటర్ తక్కువ వస్తుంది. అందుకే 5 నిమిషాల్లో ముగించాలి. నీళ్లలో మెగ్నీషియం మరీ తక్కువుంటే నీలం స్పష్టంగా రాదు, కొద్దిగా మెగ్నీషియం ఈడీటీఏ కలపాలి. తుప్పు పట్టిన పైపు నుంచి ఇనుమో, రాగో వస్తే సూచికను పట్టేసుకుని ఎరుపు వదలనే వదలదు.

ప్రాజెక్టు అనిపించుకోవాలంటే ఒక్క నమూనాతో సరిపోదు. ఒకే మండలంలో ఎనిమిదీ పది బోర్లు ఎంచుకుని, మే నెలలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు వెళ్లాక జనవరిలో ఒకసారి తీసుకోండి. ప్రతి నమూనాకు మూడు టైటర్లు, రోజుకొక బ్లాంక్ (నమూనా బదులు స్వేదనజలంతో టైట్రేషన్). బోరు లోతు, నమూనా తీసే ముందు మోటారు ఎంతసేపు నడిచింది అన్నవి రాయండి. చివర్లో వచ్చిన తేడా మీ అనిశ్చితి కన్నా పెద్దదో కాదో చెప్పండి. తేడా లేదని తేలినా అది ఫలితమే, దాన్ని దాచొద్దు.

స్పెక్ట్రమ్‌లు చదవడం వేరే సంగతి, దానికి మిషన్ అక్కర్లేదు. జపాన్ ప్రభుత్వ సంస్థ ఏఐఎస్‌టీ నడిపే ఎస్‌డీబీఎస్ అనే ఉచిత డేటాబేస్‌లో వేల సమ్మేళనాల ఐఆర్, ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రమ్‌లున్నాయి. పేరు చూడకుండా రోజుకొకటి విప్పండి.

బీజెడ్‌సీ చదివాను, మ్యాథ్స్ ఇంటర్‌తోనే... కాదు, టెన్త్‌తోనే ఆగింది. ఇబ్బందా?

ఇబ్బందే, దాటలేనంత కాదు. ఫిజికల్ కెమిస్ట్రీలో సగం అవకలనం, సమాకలనం, లాగరిథమ్‌లే. థర్మోడైనమిక్స్‌కు పాక్షిక అవకలనం, కైనెటిక్స్‌కు మొదటి పరిమాణ అవకలన సమీకరణాలు, హుకెల్ సిద్ధాంతానికి మాత్రికలూ నిర్ధారకాలూ కావాలి. ఇంటర్ ఎంపీసీ పుస్తకాల్లో వీటికి సంబంధించిన అధ్యాయాలు తీసుకుని రెండో ఏడాది వేసవి సెలవుల్లో రోజుకు గంటన్నర కూర్చుంటే సరిపోతుంది. సిద్ధాంతాల రుజువులు వదిలేయండి, లెక్కలు చేయండి. ఇంకో మాట: కొన్ని సంస్థలు ఎమ్మెస్సీ ప్రవేశానికి ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలని అడుగుతాయి. దరఖాస్తు ఫీజు కట్టే ముందే ఆ లైను చూసుకోండి.

నాలుగేళ్ల ఆనర్స్ మంచిదా, మూడేళ్లతో ఆపి ఎమ్మెస్సీకి వెళ్లడం మంచిదా?

నిబంధన ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు చేయొచ్చు, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) కూడా రాయొచ్చు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉంటే నాలుగో ఏట 12 క్రెడిట్ల రీసెర్చ్ ప్రాజెక్టు తీసుకునే దారి కూడా యూజీసీ చట్రంలో ఉంది.

అయినా కెమిస్ట్రీలో మా సలహా వేరు. నాలుగో ఏడాదిని నడిపించే సత్తా మీ కాలేజీకి ఉందా అన్నది చూడండి. పీహెచ్‌డీ ఉన్న అధ్యాపకులు, ల్యాబ్‌లో మీకంటూ ఒక బల్ల, వారానికి రెండు మూడు రోజులు దాని దగ్గర నిలబడే వీలు ఉంటేనే ఉండిపోండి. లేకపోతే మూడేళ్లతో బయటపడి జామ్ (ఐఐటీల ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాసి మంచిచోట ఎమ్మెస్సీలో చేరడమే లాభం. ఖాళీ తరగతి గదిలో గడిపిన నాలుగో ఏడాదికి మెమో మీద తప్ప ఎక్కడా విలువ లేదు.

ఏ పరీక్షలు రాయాలి? ఎప్పుడు?

డిగ్రీ చివరి ఏట జామ్. 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు, ఇంగ్లీషులోనే. 30 మామూలు బహుళైచ్ఛిక ప్రశ్నలు, వీటికి మాత్రమే నెగటివ్ మార్కులు: ఒక మార్కు ప్రశ్న తప్పితే మూడో వంతు, రెండు మార్కులది తప్పితే మూడింట రెండు వంతులు. ఒకటికి మించి సరైన జవాబులుండే ప్రశ్నలు 10, అంకె టైపు చేయాల్సినవి 20. ఈ చివరి ఇరవైకి నెగటివ్ లేదు, కానీ ఊహించి కొట్టడానికీ వీల్లేదు. మన పిల్లలు ఎక్కువగా మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే, యూనిట్లు మార్చడం అలవాటు లేక. జామ్‌తో ఐఐటీల ఎమ్మెస్సీ (ఐఐటీ తిరుపతి కూడా), ఎన్‌ఐటీలు, ఐఐఎస్‌సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ తలుపులు తెరుచుకుంటాయి. ఇంటిగ్రేటెడ్‌లో చేరితే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఒకే చోట. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఎస్వీ యూనివర్సిటీ లాంటి రాష్ట్ర యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్.

ఎమ్మెస్సీలో సీఎస్‌ఐఆర్ యూజీసీ నెట్, గేట్. నెట్ కెమికల్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకు. ఎ భాగంలో 20కి 15, బి భాగంలో 40కి 35, సి భాగంలో 60కి 25 ప్రశ్నలు రాయాలి. సి ప్రశ్న ఒక్కోటీ 4 మార్కులు, తప్పితే 1 పోతుంది. అంటే సి భాగంలో సగానికి పైగా ప్రశ్నలు వదిలేయడానికే ఇచ్చారు. ఏవి వదలాలో తెలియడమే అక్కడ పరీక్ష. 2024 నుంచి నెట్ ఫలితాలు మూడు రకాలుగా వస్తున్నాయి: జేఆర్‌ఎఫ్ (నెలనెలా భత్యమిచ్చే ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పీహెచ్‌డీ ప్రవేశం, పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. చివరి రెండు రకాలకూ ప్రవేశంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ, ఆ స్కోరు చెల్లేది ఏడాదే. గేట్ స్కోరు మూడేళ్లు ఉంటుంది, డిగ్రీ మూడో ఏటి నుంచే రాయొచ్చు. రాష్ట్ర యూనివర్సిటీల పీహెచ్‌డీకి ఏపీ ఆర్‌సెట్ ఉంది.

కోచింగ్ తీసుకోవాలా?

తప్పనిసరి కాదు. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం, పాత ప్రశ్నపత్రాలు ఉచితం. కోచింగ్‌కు వెళ్తే వెళ్లండి గానీ దానికోసం ల్యాబ్ ఎగ్గొట్టకండి.

ఏర్పేడు దగ్గర ఐఐటీ, ఐఐఎస్ఈఆర్ రెండూ ఉన్నాయి. అక్కడ వేసవిలో పనిచేయడానికి ఎవర్ని అడగాలి?

రెండూ 2015లో మొదలైనవే, తిరుపతి నుంచి శ్రీకాళహస్తి దారిలో బస్సెక్కితే గంటలోపు దూరం. ఇంత దగ్గర్లో రెండు పరిశోధన సంస్థలున్న డిగ్రీ కాలేజీలు రాష్ట్రంలో ఎక్కువ లేవు. ఈ అవకాశాన్ని వాడుకునేవాళ్లు తక్కువ కావడమే బాధ.

దారులు రెండు. ఒకటి ప్రకటించిన పథకాలు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు అకాడమీలతో కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు ముందు సంవత్సరం చివర్లోనే దరఖాస్తు చేయాలి. ఏం చేయాలనుకుంటున్నారో ఒక చిన్న వ్యాసం, ఒక అధ్యాపకుడి సిఫారసు లేఖ అడుగుతారు. వ్యాసంలో ‘చిన్నప్పటి నుంచి సైన్సంటే ఇష్టం’ అని మొదలుపెట్టినవి వందల్లో వస్తాయి. మీరు చేసిన టైట్రేషన్‌లో తేలని ఒక సందేహంతో మొదలుపెట్టండి.

రెండోది నేరుగా ప్రొఫెసర్‌కు ఈమెయిల్. మే నెలలో పని కావాలంటే జనవరిలో రాయాలి, ఏప్రిల్‌లో కాదు. సబ్జెక్టు లైనులో మీ కోర్సు, ఏడాది, ఏ నెలలు ఖాళీ అన్నది ఉండాలి. మొదటి వాక్యంలో మీరెవరో, రెండో దాంట్లో ఆ ప్రొఫెసర్ ఈమధ్య ప్రచురించిన ఒక పేపర్లో మీకు అర్థమైనది, అర్థం కానిది. తర్వాత చేతితో చేయగలిగిన పనులు, ఆఖర్న ఒక్క పేజీ బయోడేటా. మొత్తం 150 పదాలు దాటొద్దు. ఒకే ఉత్తరాన్ని నలభై మందికి పంపితే వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. పేరు మార్చడం మర్చిపోతే ఇక చెప్పనే అక్కర్లేదు. జవాబు రాకపోతే రెండు వారాలకు ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి. కబురు చేయకుండా నేరుగా గేటు దగ్గరికి వెళ్లొద్దు.

చేరాక మొదటి రెండు వారాలు గాజు సామాను కడగడం, టీఎల్‌సీ వేయడమే ఉండొచ్చు. అవమానంగా అనుకోకండి. కడిగిన ఫ్లాస్కు నమ్మకంగా ఉంటేనే రియాక్షన్ చేతికిస్తారు.

పరిశోధన పత్రాలు ఎక్కడ దొరుకుతాయి? ఎలా చదవాలి?

2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు ఎల్సెవియర్, స్ప్రింగర్ నేచర్, వైలీ సహా 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. ప్రభుత్వ కాలేజీవాళ్లు లైబ్రేరియన్‌ను లాగిన్ అడగండి. ఎయిడెడ్, ప్రైవేటు కాలేజీలకు ఎన్‌లిస్ట్ (కాలేజీలకు ఆన్‌లైన్ జర్నళ్లు, పుస్తకాలు అందించే పథకం) సభ్యత్వం ఉందేమో కనుక్కోండి. చదివేటప్పుడు సారాంశం, తర్వాత బొమ్మలు, ఆ తర్వాత ప్రయోగ వివరాలు. మొదటి పేపరుకు మూడు రోజులు పట్టినా పట్టించుకోకండి.

డబ్బు కడితే వారంలో పేపరు వేస్తామంటున్నారు. బయోడేటాకు పనికొస్తుందా?

పనికిరాదు, పైగా చెడు చేస్తుంది. పీహెచ్‌డీ ప్రవేశానికి పేపరు అవసరమే లేదు. సమీక్ష లేని జర్నల్లో మీ పేరుంటే ఇంటర్వ్యూలో దానిమీదే ప్రశ్నలు వేస్తారు, అందులో ఒక్క బొమ్మ మీరు వివరించలేకపోయినా అక్కడితో సరి. ఆ డబ్బుతో పీహెచ్ మీటరు ఎలక్ట్రోడ్ కొనుక్కోవచ్చు.

సిఫారసు లేఖ సార్ నన్నే టైపు చేసుకుని రమ్మన్నారు.

మన దగ్గర ఇది పాతుకుపోయిన అలవాటు. మీరు రాసుకుంటే అందులో ‘క్రమశిక్షణ గల, కష్టపడే విద్యార్థి’ తప్ప ఏమీ ఉండదు, చదివేవాళ్లకు అది ఖాళీ కాగితంతో సమానం. సార్‌కు గానీ మేడమ్‌కు గానీ లేఖకు బదులు ఒక పేజీ వివరాలు ఇవ్వండి: ఏ సెమిస్టర్‌లో ఏ ప్రాక్టికల్, ప్రాజెక్టులో మీరు చేసిన భాగం, చెడిపోయినప్పుడు ఏం చేశారు, మార్కులు, చివరి తేదీ. గడువుకు నెల ముందు అడగండి. విదేశీ యూనివర్సిటీలు లింకును నేరుగా అధ్యాపకుడికే పంపుతాయి, కాలేజీ ఈమెయిల్ ఉంటే ఆ చిరునామానే ఇవ్వమనండి.

టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంటర్వ్యూ అంటే భయం.

భయపడాల్సింది ఇంగ్లీషుకు కాదు. చిన్న చిన్న వాక్యాల్లో, బోర్డు మీద బొమ్మ గీస్తూ చెబితే చాలు. వాళ్లు అడిగేవి సూటిగా ఉంటాయి. అరీనియస్ గ్రాఫు (ఉష్ణోగ్రతతో చర్య వేగ స్థిరాంకం కె ఎలా మారుతుందో చూపేది) గీయమంటారు. సహజ లాగ్ కె (ఎల్‌ఎన్ కె), 1/టి అని అక్షాలు గీస్తారు, వాలు రుణాత్మకం అంటారు, అంతా బాగుంటుంది. ‘ఆ వాలుకు యూనిట్ ఏమిటి?’ అనగానే చాలామంది కిలోజౌల్ పర్ మోల్ అనేస్తారు. రుణ గుర్తు పక్కన పెడితే, వాలు అంటే ఉత్తేజన శక్తిని వాయు స్థిరాంకంతో భాగించగా వచ్చేది, కాబట్టి యూనిట్ కెల్విన్. ఇక్కడ ఇంగ్లీషు ఏం చేస్తుంది? ఇష్టమైన అంశం ఏదని మొదట్లోనే అడుగుతారు. అడుగు దాకా తెలిసినదే చెప్పండి, గొప్పగా వినిపించేది కాదు. తెలియనప్పుడు తెలియదని చెప్పి, తెలిసినదాని నుంచి ఎలా ఆలోచిస్తారో చెప్పండి. రోజూ ఒక సమస్యను బోర్డు మీద ఇంగ్లీషులో ఒక స్నేహితురాలికి చెప్పడం చాలు, స్పోకెన్ క్లాసులు అక్కర్లేదు.

మా అమ్మాయి ఇంకో ఐదారేళ్లు చదువుతానంటోంది. ఇంట్లో గడిచేదెలా?

ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేస్తే ఆమెకే నెలనెలా డబ్బు వస్తుంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు ₹37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ ₹42,000, నిబంధనల మేరకు ఇంటి అద్దె భత్యం అదనం. నిబంధన ప్రకారం పీహెచ్‌డీ కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. మహిళలకు అదనపు గడువు, ప్రసూతి సెలవు ఉన్నాయి. ఒక్క జాగ్రత్త: ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేర్చొద్దు. ఫెలోషిప్ డబ్బు కొన్నిసార్లు నెలల తరబడి ఆలస్యంగా వస్తుంది, మొదటి ఏడాది కాస్త చేతిలో ఉంచుకోవాలి.

పరిశోధన ఇష్టం లేకుండా, ఉద్యోగం దొరక్క కాలక్షేపానికి చేరాలనుకుంటే వద్దు. హైదరాబాద్ ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం దానికన్నా గౌరవమైన దారి.

అమెరికా, జర్మనీకి నేరుగా వెళ్లొచ్చా?

అమెరికాలో కెమిస్ట్రీ పీహెచ్‌డీకి ఎమ్మెస్సీ తప్పనిసరి కాదు గానీ చాలా యూనివర్సిటీలు నాలుగేళ్ల డిగ్రీ అడుగుతాయి. ఎమ్మెస్సీ ఉంటే ఆ చిక్కు తీరుతుంది. దరఖాస్తు గడువులు ఎక్కువగా డిసెంబరు మొదటి పక్షంలో, మూడు సిఫారసు లేఖలు. ట్యూషన్ ఫీజు మాఫీ చేసి, పాఠం చెప్పినందుకో పరిశోధన చేసినందుకో భత్యం ఇస్తారు. జీఆర్‌ఈ కెమిస్ట్రీ సబ్జెక్టు పరీక్ష 2023 ఏప్రిల్ తర్వాత లేదు, ఎవరైనా దానికి శిక్షణ ఇస్తామంటే నవ్వి ఊరుకోండి. జర్మనీలో ఎమ్మెస్సీ దాదాపు తప్పనిసరి.

మేం అధ్యాపకులం. నిధులు లేవు, గంటలు లేవు. ఏం చేయగలం?

టైంటేబుల్‌లో రెండు 2 గంటల ప్రాక్టికల్స్‌ను పక్కపక్కన పెట్టి 4 గంటలు చేయండి, ప్రిన్సిపాల్ సంతకం తప్ప ఖర్చు లేదు. రియాక్షన్ పెట్టి, వడకట్టి, ఆరబెట్టి, ద్రవీభవనం చూడటం 2 గంటల్లో జరగదు కాబట్టే పిల్లలు అంకెలు కల్పిస్తారు. బ్యాచ్‌ను సగం చేసి ఒకరికొక బ్యూరెట్ ఇవ్వండి, మిగతా సగం ఆ గంటలో లెక్కలు చేస్తారు. ప్రతి విద్యార్థికీ వేరే గాఢతలో తెలియని నమూనా ఇచ్చి, సరైన విలువ మీ దగ్గర ఉంచుకోండి. మార్కులు చక్కటి చేతిరాతకు కాక, విలువకు ఎంత దగ్గరగా వచ్చారు, తేడాకు ఏ కారణం రాశారు అన్నదానికి వేయండి. కాపీ ఆ రోజుతో ఆగిపోతుంది.

శుక్రవారం చివరి గంటలో ఒక విద్యార్థి ఒక పేపరు బొమ్మను వివరించాలి. మిగతావాళ్లు ఒక్క ప్రశ్నయినా వేయాలి. పూర్వ విద్యార్థుల్లో ప్రస్తుతం ఎక్కడైనా పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లను సంక్రాంతి సెలవులకు ఊరొచ్చినప్పుడు ఓ పూట పిలవండి. పిల్లలు ప్రొఫెసర్‌ను అడగలేనివి వాళ్లను అడుగుతారు.

సర్టిఫికెట్ల విషయంలో ఏం చూసుకోవాలి?

టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. దరఖాస్తులో పేరు టెన్త్ మెమో ప్రకారమే రాయాలి. ఓబీసీ కోటాకు రాష్ట్ర బీసీ పత్రం చెల్లదు. కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్ పత్రం కావాలి, అది ఎప్పుడు జారీ అయి ఉండాలో నోటిఫికేషన్లో రాస్తారు. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు, ముందు అది చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరం మారితే మళ్లీ తీసుకోవాలి. ఫలితాల సమయంలో సచివాలయాల్లో రద్దీ ఉంటుంది కాబట్టి కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవగానే ఏప్రిల్‌లో దరఖాస్తు పెట్టండి. వేరే యూనివర్సిటీకి వెళ్లేవాళ్లకు మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. దానికి ప్రొవిజనల్‌తో పాటే ఫీజు కట్టేస్తే రెండోసారి తిరగక్కర్లేదు.